నూటికి నూరు హాజరు

అధ్యక్షుడి కోటు ఎడమ భుజం దగ్గర ముడత పడుతోంది. తప్పు కోటుది కాదు, భుజానిది. ఇరవై ఏళ్ళుగా టైల్స్ దుకాణంలో ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బేరాలాడే మనిషికి భుజాలు సమానంగా ఎలా ఉంటాయి? ఆ మాట మొహం మీద అంటే బాగుండదు కాబట్టి టైలరు నోట్లో నాలుగు గుండుసూదులు పట్టుకుని, ఆయన చుట్టూ తిరుగుతూ సుద్దతో గుర్తులు పెడుతున్నాడు. ఆ రోజు సోమవారం. గురువారం మధ్యాహ్నానికి కోటు ఒంటి మీద ఉండాలి. జిల్లా గవర్నరు వస్తున్నాడు.

గవర్నరంటే సర్కారు గవర్నరు కాదు లెండి, క్లబ్బు గవర్నరు. ఆ సేవా క్లబ్బుకి దేశదేశాల్లో శాఖలున్నాయి. కొన్ని శాఖలు కలిస్తే జిల్లా, జిల్లాలు కలిస్తే మండలం, అన్నిటికీ పైన సముద్రాల అవతల ఎక్కడో ప్రధాన కార్యాలయం. అక్కడి నుంచి ఏటా ఒక ఉత్తరం వస్తుంది. ప్రియమైన సోదరా అని మొదలవుతుంది, కింద సంతకం అచ్చులో ఉంటుంది. అధ్యక్షులు ఏడాదికొకరు మారిపోతారు. ఎవరికి వాళ్ళు ఏదో ఒక గోడకి తమ పేరున్న పలక కొట్టించి వెళ్ళిపోతారు. మారనివాడు కార్యదర్శి ఒక్కడే. ముప్పై ఆరేళ్ళుగా ఆ పని టైలరుదే. అంత గొప్ప పనా అంటే, ఇంకెవరికీ అక్కర్లేని పని.

ఒక వృత్తికి ఒక్కరే సభ్యుడుండాలన్నది క్లబ్బు నియమం. ఒకే సరుకు అమ్మే ఇద్దరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే సేవ మాట దేవుడెరుగు, ముందు జుట్టూ జుట్టూ పట్టుకుంటారని మొదట్లో పెట్టినవాళ్ళకి తెలుసు. దాంతో క్లబ్బులో పేర్లు ఎప్పుడో అరిగిపోయాయి. టైలరు, ప్లీడరు, గడియారాలాయన, అంతే.

"గడియారాలాయన సంగతి ఏంటి గురువుగారూ? ఆస్పత్రిలో పడ్డాడంట?" అన్నాడు అధ్యక్షుడు, అద్దంలో తన పొట్ట చూసుకుంటూ.

టైలరు తల ఊపాడు. పొద్దున్నే గడియారాలాయన భార్య ఫోను చేసింది. ఆదివారం స్నానానికి వెళ్ళి, ఊపిరందక గోడ పట్టుకుని కూలబడ్డాడట. గుండె చుట్టూ నీరు చేరిందట. పది రోజులు మంచం దిగకూడదన్నారట.

"గురువారానికి లేస్తాడా?"

టైలరు తల అడ్డంగా ఊపాడు.

"చచ్చాం పో! కార్డు అచ్చయిపోయింది. నలభై ఏళ్ళ సంపూర్ణ హాజరు, గవర్నరు గారి చేతుల మీదుగా బంగారు పిన్ను అని ఇంతింత అక్షరాలతో వేయించాను. ఈ జిల్లా మొత్తంలో ఇంకెవరికీ లేదా పిన్ను. గవర్నరు దానికోసం వస్తున్నాడు గానీ నా మొహం చూడ్డానికా?" ఆయన కాసేపు ఆలోచించి గొంతు తగ్గించాడు. "పోనీ ఓ పని చేయండి. గురువారం మీటింగుతో కదా నలభై నిండేది? ఒక్క టిక్కు. పెట్టేయండి. పిన్ను వాళ్ళావిడ వచ్చి తీసుకుంటుంది. ఎవరు చూడొచ్చారు?"

టైలరు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న మెత్తలో గుచ్చాడు.

"నా పుస్తకంలో దొంగ టిక్కు పడదు."

"అబ్బో! మీ పుస్తకం కోర్టులో దాఖలు చేస్తారా ఏంటి?"

"చేసినా నిలబడుతుంది. ముప్పై ఆరేళ్ళ పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. ఒక్క టిక్కు, ఒక్కటంటే ఒక్కటి, అబద్ధం చూపించండి. ఈ కత్తెర అవతల పారేసి వెళ్ళిపోతాను."

"బాబోయ్, మీతో పెట్టుకోకూడదు!" అంటూ అధ్యక్షుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. చంక కింద గుచ్చిన సూది కసుక్కున దిగింది. కెవ్వుమన్నాడు.

"కదలకండన్నానా లేదా?" అన్నాడు టైలరు. మనసులో మాత్రం చల్లగా ఉంది. "గడియారాలాయన హాజరుకి దారుంది. నేను చూసుకుంటాను. మీరు భుజం దించి నిలబడండి."

ఆయన వెళ్ళాక కుడి భుజం లోపల దూది ఒక పొర ఎక్కువ వేసి కుట్టాడు. పైకి చూస్తే రెండు భుజాలూ ఒకటే ఎత్తులో ఉన్నాయి.

మంగళవారం దుకాణం పన్నెండింటికే కట్టేసి టైలరు ఆస్పత్రికి వెళ్ళాడు. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. గడియారాలాయన ముక్కులో సన్నటి గొట్టాలు పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎప్పుడూ నున్నగా గీసి ఉండే గడ్డం తెల్లగా మొలిచింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచుని పట్టుకుని, కనపడని మరనేదో తిప్పుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి.

గడియారాలాయన భార్య స్టూలు మీద కూర్చుని బత్తాయి తొనల పీచు తీస్తోంది. పల్చటి మనిషి. ముందు గదిలో గడియారాల దుకాణం, వెనక రెండు గదుల్లో ఈవిడ. పిల్లల్లేరు.

"వదినా, రేపు నాలుగింటికి ఇక్కడ మీటింగు పెట్టిస్తున్నాను," అన్నాడు టైలరు.

"ఇక్కడా? ఎందుకండీ?"

ఎందుకో చెప్పాడు. సభ్యుడు తన క్లబ్బులోనే కూర్చోవాలని లేదు. ఆ వారంలో ఏ ఊళ్ళో, ఏ శాఖ మీటింగులో కూర్చున్నా అక్కడి కార్యదర్శి హాజరు చీటీ రాసిస్తే చెల్లుతుంది. గడియారాలాయన ఊరెళ్ళినప్పుడల్లా అలాంటి చీటీలు తెచ్చి ఇచ్చేవాడు, మడతలు పడకుండా. ఇప్పుడు ఆయన వెళ్ళలేడు కాబట్టి మీటింగే ఆయన దగ్గరికి రావాలి. మన క్లబ్బుది గురువారం, హాల్లో గవర్నరు ముందు. దాన్ని కదిలించడం కుదరదు. పక్క ఊరి శాఖకి బుధవారం. ఎనిమిది మంది వస్తే కోరం.

"ఆయన్ని అడిగారా?" అంది ఆవిడ.

"అడిగేదేముంది వదినా! నలభై ఏళ్ళు. చివర్లో ఒక్క వారం దగ్గర తెగిపోతే ఆయన తట్టుకుంటాడా?"

ఆవిడ పీచు తియ్యడం ఆపి ఏదో అనబోయింది. ఈ లోపు టైలరు హెడ్ నర్సును వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. మంచి చెయ్యాలని బయల్దేరినవాడికి వినే ఓపిక ఎక్కడుంటుంది?

"ఎనిమిది మందా? ఆస్పత్రా, సినిమా హాలా?" అని హెడ్ నర్సు ఒంటికాలి మీద లేచింది. టైలరు బతిమాలాడు. ఆవిడ యూనిఫాం నడుము దగ్గర వదులుగా ఉందని, ఉచితంగా సరిచేసి ఇస్తానని కూడా అన్నాడు. ఆవిడ నవ్వాపుకుని, "పదిహేను నిమిషాలు. పదహారో నిమిషం అందరినీ మెట్ల మీద నిలబెడతాను," అంది.

పక్క ఊరి కార్యదర్శి బేకరీ నడిపే ఆవిడ. ఫోనులో వెనక ట్రేల చప్పుడు. "మా వాళ్ళకి ఆస్పత్రంటే భయమండీ, ఒకాయనకైతే ఆ వాసనకే కళ్ళు తిరుగుతాయి. అయినా లాక్కొస్తాను. బన్నులు తేవచ్చా?" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఎనిమిది మందిని పోగుచేసుకుని గంటన్నర బస్సులో వస్తాననడం, వస్తూ బన్నులు తెస్తాననడం విని టైలరు పొంగిపోయాడు. క్లబ్బంటే ఇదీ అనుకున్నాడు.

బుధవారం నాలుగింటికి వాళ్ళు వచ్చారు. ఎనిమిది కాదు, తొమ్మిది మంది. చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తూ వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. గడియారాలాయన మేలుకునే ఉన్నాడు. దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ చూసి తల వంచాడు. వాళ్ళలో కళ్ళు తిరిగే ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

గంట లేదు కాబట్టి బేకరీ ఆవిడ చెంచాతో గ్లాసు మీద తట్టింది. ఆ శాఖలో ప్రతి మీటింగుకీ ముందు క్లబ్బు పుట్టిన కథ చదివే ఆనవాయితీ ఉందట. ఆవిడ చిన్న పుస్తకం తీసి, పక్క మంచాలవాళ్ళకి ఇబ్బంది లేకుండా లోగొంతుకతో చదివింది. ఒక రేవు పట్నంలో ఒక వీధి. ఆ వీధిలో అద్దె గదిలో ఒక తాళాలు బాగుచేసేవాడు. చచ్చిపోయిన నాలుగు రోజులకి గానీ పక్కవాళ్ళకి తెలియలేదు. సిగ్గుపడి ఆ వీధిలోని ఏడుగురు పనివాళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. వారానికొకసారి ఒకచోట కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. కబురు లేకుండా ఎవరైనా రాకపోతే, అతనికి అటూ ఇటూ కూర్చునే ఇద్దరూ ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి ఏమైందని అడగాలి. ఇది మొదటి నియమం. సేవ, చందాలు, కళ్ళ శిబిరాలు, గవర్నర్లు, జిల్లాలు అన్నీ తర్వాత వచ్చినవి.

చదవడం అయిపోయింది. బేకరీ ఆవిడ తమ హాజరు పుస్తకం తెరిచి దుప్పటి మీద పెట్టి పెన్ను అందించింది. "అతిథుల దగ్గర ఒక్క సంతకం బాబాయిగారూ. చీటీ రాసిచ్చేస్తాను."

గడియారాలాయన పెన్ను తీసుకున్నాడు. మూత పెట్టాడు. తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మీరందరూ ఇంత దూరం వచ్చారు. నా కళ్ళు చల్లబడ్డాయమ్మా," అన్నాడు. "సంతకం మాత్రం పెట్టను. కోపం తెచ్చుకోకండి. ఇదుగో, మా తమ్ముడితో ఓ మాట చెప్పాలి. కాస్త వరండాలో కూర్చుంటారా?"

టైలరు మొహం మాడిపోయింది. తొమ్మిది మందీ ఒకరి మొహాలొకరు చూసుకుని బన్నుల సంచీతో సహా బయటికి వెళ్ళారు. గడియారాలాయన భార్య కూడా వాళ్ళ వెనకే వెళ్ళింది.

"ఏంటన్నా ఇది? కాళ్ళావేళ్ళా పడి పిలిపించాను వాళ్ళని!"

"కూర్చో." టైలరు స్టూలు మీద కూర్చున్నాడు. "నా టిక్కు నువ్వెప్పుడు పెడతావు తమ్ముడూ?"

"ఎప్పుడేంటన్నా? మీటింగులో."

"నా దగ్గరా? దుకాణంలోనే పెట్టుకుని వస్తావు. బట్ట మీద గీసే నీలం పెన్సిలుతో. మిగతావాళ్ళకి వచ్చాక పెన్నుతో పెడతావు. ఏళ్ళ తరబడి నీ పక్కన కూర్చున్నాను, నాకు కనపడదా?"

టైలరు తల గోక్కున్నాడు. "నువ్వు రాకుండా ఉండేది ఎప్పుడన్నా? అందరికన్నా ముందొస్తావు. పని కలిసొస్తుందని..."

"ఒకసారి రాలేదు."

ముక్కు గొట్టంలో గాలి సన్నగా బుసకొడుతోంది. గడియారాలాయన నాలుగు మాటలకోసారి ఆగుతూ చెప్పాడు.

"ముప్పై నాలుగేళ్ళయింది. మీ వదినకి ఏడో నెల. గురువారం పొద్దున ఉన్నట్టుండి నొప్పులొచ్చాయి. నర్సుని ఇంటికే పిలిపించాను. పదకొండింటికి కాన్పయింది. బిడ్డలో ప్రాణం లేదు. నర్సు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, తల్లికి చూపించకండి, మర్చిపోతుంది అంది. మర్చిపోతుందంట!" దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకున్నాడు. "పెట్టె ఎక్కడ దొరుకుతుంది అప్పటికప్పుడు? గోడకి నా గడియారం ఒకటుండేది. లోపలి యంత్రం మొత్తం ఊడదీశాను. ఆ పెట్టె సరిపోయింది. నేనొక్కణ్ణే వెళ్ళి పూడ్చిపెట్టి వచ్చాను. నాలుగున్నరయింది."

టైలరు స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలిస్తేగా? కానీ ఒక ధైర్యం. ఇవాళ గురువారం, నేను వెళ్ళలేదు, మనవాళ్ళు వస్తారు. అటుపక్క ఫొటోగ్రాఫరు, ఇటుపక్క నువ్వు. వచ్చి ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పొచ్చు. అడక్కపోతే ఇలాంటివి ఎలా చెబుతాం తమ్ముడూ? మీ వదినతో కూడా అన్నాను, వాళ్ళొస్తారు అని. వీధి గదిలో తలుపు తీసి పెట్టుకుని ఎనిమిదింటి దాకా కూర్చున్నాను."

"అన్నా..."

"తర్వాతి వారం వచ్చాను. పుస్తకం చూస్తే నా వరసలో నీలం టిక్కు ఉంది. నువ్వు నవ్వుతూ ఎదురొచ్చి, అన్నా, పోయిన వారం నూటికి నూరు, హాజరు షీల్డు మనదే అన్నావు. ఫొటోగ్రాఫరు నా వీపు తట్టాడు. ఏం చెప్పను?"

"మరి ఆ తర్వాత ఒక్క వారం కూడా మానలేదు కదన్నా," అన్నాడు టైలరు. ఎందుకన్నాడో తనకే తెలియదు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

"మళ్ళీ మానితే, మళ్ళీ ఎవరూ రారేమోనని," అన్నాడు గడియారాలాయన. "ఆ భయానికి మానలేదు. దానికి బంగారు పిన్ను పెడతారంట. నాకొద్దు. ఆ ఒక్క టిక్కు కొట్టేసి, ఆ రోజు నేను రాలేదని రాయి. చాలు."

పదహారో నిమిషంలో హెడ్ నర్సు తలుపు దగ్గర నిలబడింది. ఏమనుకుందో ఏమో, గడియారం వంక చూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

టైలరు ఆస్పత్రి నుంచి తిన్నగా క్లబ్బు హాలుకి వెళ్ళాడు. గురువారం కోసం కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడుగుతున్నారు. మూల బీరువా తెరిచి, కింది అరలోంచి పాత పుస్తకాలు తీశాడు. ముప్పై నాలుగేళ్ళ నాటి పుస్తకానికి అట్ట తనే కుట్టాడు, ముదురు గోధుమరంగు కాన్వాసుతో. కుట్టు ఇంకా చెక్కు చెదరలేదు.

ఆ గురువారం తేదీ గడియారాలాయన చెప్పాడు, వెతకనక్కర్లేకపోయింది. ఇరవై నాలుగు వరసలు. ఇరవై మూడు టిక్కులు నల్ల సిరాతో. ఒకటి నీలం. చివరి గడి, రాకపోతే కారణం అన్న గడి, పై నుంచి కింది దాకా ఖాళీ. కింద తన చేతిరాతే, వయసులో ఉన్నప్పటి ఏటవాలు రాత: మండలం నుంచి వచ్చిన అతిథి ప్రసంగించారు. హాజరు నూటికి నూరు. సభ్యులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ అతిథి ఎక్కడ కూర్చున్నాడో అప్పుడు గుర్తొచ్చింది. తన పక్క కుర్చీ ఖాళీగా ఉంటే తనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఖాళీగా ఎందుకుందని అనుకోలేదు. అందరితోపాటు లేచి చప్పట్లు కొట్టాడు. ఆ సమయానికి అక్కడ ఆ మనిషి గడియారంలోంచి యంత్రం ఊడదీస్తున్నాడు.

టైలరు బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. తర్వాత ఏదో తోచి సంచీలోంచి ఇప్పటి పుస్తకం కూడా తీశాడు. రేపటి పేజీ. ఆదివారం పొద్దున గీతలు గీసి సిద్ధం చేసిన పేజీ. గడియారాలాయన వరసలో నీలం టిక్కు అప్పటికే ఉంది. ఆయన ఊపిరందక గోడ పట్టుకున్న రోజే పెట్టిన టిక్కు. సోమవారం కత్తెర పారేస్తానని అధ్యక్షుడి దగ్గర ఎగిరినప్పుడు కూడా ఉంది. చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కుర్చీలకి గుడ్డలు తొడిగే మనిషి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంటున్నా వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.

గురువారం పన్నెండున్నరకి హాలు కిటకిటలాడింది. అధ్యక్షుడి కోటు అద్దినట్టు ఉంది. గవర్నరు పెద్దాయన, మంచివాడు, మెళ్ళో పతకాల పట్టీ బరువుకి కాస్త వంగి కూర్చున్నాడు. ఆయన ముందు మఖమలు డబ్బాలో పిన్ను.

"చీటీ వచ్చిందా?" అని అధ్యక్షుడు చెవిలో అడిగాడు. కార్యదర్శి నివేదిక అనగానే టైలరు పాత పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. పుస్తకంలో ఏ అక్షరం మార్చాలన్నా సభలో చదివి, సభ్యుల చేతులెత్తించి మార్చాలన్నది నియమం. ఆ నియమం చదివి వినిపించడం అలవాటైన గొంతే, ఇవాళ తడబడింది.

"ముప్పై నాలుగేళ్ళ కిందటి పేజీ ఇది," అన్నాడు. "హాజరు నూటికి నూరని రాసుంది. అబద్ధం. ఒక సభ్యుడు రాలేదు. రాకముందే ఆయనకి టిక్కు పెట్టింది నేను. ఆయన పక్క కుర్చీలో కూర్చునేదీ నేనే. కబురు లేకుండా రాని మనిషి ఇంటికి ఆ సాయంత్రం వెళ్ళాలి. ఎవరూ వెళ్ళలేదు. ఆ ఇంట్లో ఆ రోజు..." ఆగాడు. అది తను చెప్పాల్సింది కాదనిపించింది. "ఆ ఇంట్లో ఆ రోజు మనం ఉండాల్సింది. ఈ టిక్కు కొట్టేయడానికి సభ అనుమతి కావాలి. ఈ పని ఇంకెవరికైనా అప్పగించడానికి కూడా."

అధ్యక్షుడు టైలరు చొక్కా లాగి, "పరువు తీస్తున్నారు కదా గురువుగారూ, గవర్నరు ముందు!" అని పళ్ళ బిగువున అన్నాడు.

"నాదే తీసుకుంటున్నాను. మీకేం పోలేదు," అన్నాడు టైలరు.

మొదట చెయ్యెత్తింది ప్లీడరు. ఆనాటివాళ్ళలో టైలరు కాక హాల్లో మిగిలింది ఆయనొక్కడే. "ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను," అని మాత్రం అన్నాడు. తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది. గవర్నరు డబ్బా మూత మూశాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, తెగిన దగ్గర్నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్ళ పిన్ను వస్తుందని, కార్యాలయానికి రాసి తెప్పిస్తానని అన్నాడు. పాపం ఆయన మాత్రం ఏమనగలడు?

టైలరు నల్ల సిరాతో నీలం టిక్కు మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన, రాలేదు అని రాశాడు. భోజనాలకి ఆగలేదు.

ఆస్పత్రికి వచ్చేసరికి మూడున్నరయింది. గడియారాలాయనకి అప్పుడే మందిచ్చారు, నిద్రలో ఉన్నాడు. ఊపిరి నిన్నటికన్నా నిమ్మళంగా ఆడుతోంది. ఆయన భార్య వరండా బెంచీ మీద కూర్చుని ఉంది.

"అయిందాండీ?" అంది.

"అయింది వదినా. కొట్టేశాను." పుస్తకం తెరిచి చూపించాడు. ఆవిడ గీతను వేలితో తాకి చూసింది.

"ఈ గడి ఖాళీగా ఉందే?"

"అది రాకపోతే కారణం. అన్నని అడిగి రాయాలి. లేచాక అడుగుతాను."

"ఆయన్ని ఎందుకు?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "కన్నది నేను."

టైలరు తలెత్తి చూశాడు. బుధవారం మంచం పక్క కూర్చున్నప్పుడు గానీ, హాల్లో నిలబడ్డప్పుడు గానీ ఈవిడ తన తలపులోకే రాలేదు. తప్పు తనకీ గడియారాలాయనకీ మధ్య అనుకున్నాడు. సిగ్గుతో కుంచించుకుపోయాడు. పుస్తకం బెంచీ మీద పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు మీరు మీటింగుకి రాలేదు," అన్నాడు. ఆవిడ ఎప్పుడూ ఏ మీటింగుకీ వచ్చిన మనిషి కాదు. అయినా ఇంకెలా అడగాలో అతనికి తెలియలేదు. "ఏమైంది వదినా?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మీరిద్దరూ వస్తారని చెప్పారాయన. లేవకూడదంది నర్సు. లేచాను. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళయినా ఇవ్వాలి కదా అని గ్లాసులు కడిగి పెట్టాను. రెండు చాలు గానీ నాలుగు పెట్టాను, మీ ఆడవాళ్ళు కూడా వస్తారేమోనని. ఆడవాళ్ళొస్తే చెప్పుకోవచ్చనుకున్నాను." ఆవిడ కిటికీ వంక చూసింది. "ఆదివారం దాకా తియ్యలేదు వాటిని."

వరండాలో ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళారు.

"మీరు రాస్తానంటే చెబుతాను," అంది ఆవిడ.

టైలరు పెన్ను మూత తీశాడు. కారణం గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంది. జ్వరం, పెళ్ళి, ఊరెళ్ళారు లాంటి మాటలకి సరిపడా గీసిన గడి.

"ఆడపిల్ల," అంది ఆవిడ.

రాశాడు.

"చూపించొద్దన్నారు. ముందు గదిలో ఆయన ఆ పెట్టె ఖాళీ చేస్తున్నంతసేపూ బిడ్డని పక్క గదిలో పడుకోబెట్టారు. పాక్కుంటూ వెళ్ళి గుడ్డ తీసి చూశాను. ఆయనకి కూడా తెలీదు. జుట్టు ఎంత ఒత్తుగా ఉందో! అంత చిన్న పిల్లకి అంత జుట్టు. రాయండి."

రాశాడు. అక్షరాలు గడి దాటి పక్కకి వెళ్ళాయి.

"వేళ్ళు ఆయనవే. పొడుగ్గా."

రాశాడు. వరస కింద ఉన్న ఫొటోగ్రాఫరు గడిలోకీ, దాని కింద ప్లీడరు గడిలోకీ రాత దిగింది. అవన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"ఇంకా చెప్పండి వదినా."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ ఒక్క మాటయినా అడగని మనిషికి, ఒక్కసారిగా అడిగితే అన్నీ గుర్తుకు రావడం కష్టం.

"కళ్ళు తెరవలేదు," అంది చివరికి. "కళ్ళెలా ఉంటాయో నాకు తెలీదు. అది రాయకండి."

టైలరు అది రాయలేదు.